తెల్ల అంబాసిడర్‌కు రంగు ఎందుకు వేయించలేదు?



ఈ ఏడాది సర్వసభ్య సమావేశానికి వచ్చినవారంతా గేటు పక్కన నిలబెట్టిన తెల్ల అంబాసిడర్‌ను చూశారు. చూసినవారిలో సగంమంది మమ్మల్ని ఒకటే అడిగారు. "మాస్టారూ, లక్షన్నర ఖర్చయిందంటున్నారు, మరి రంగు వేయించలేదేం?" నిజమే. తలుపులు ఒక తెలుపు, డిక్కీ ఇంకో తెలుపు. కింది అంచుల వెంట బూడిదరంగు ప్రైమర్ అలాగే కనిపిస్తూ ఉంటుంది. ఆ రోజు భోజనాల హడావుడిలో అందరికీ నిలబడి జవాబు చెప్పలేకపోయాము. సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ప్రతిసారీ రాసే స్కాలర్‌షిప్పుల సంగతి పక్కన పెట్టి ఈ కారు సంగతే రాస్తామన్నాము. డబ్బు మీది, లెక్క మీకు తెలియాలి. అంతేకాదు, మన సికిందరాబాదు బస్తీల్లో పాత ఇళ్ల వాకిట్లో గోనెపట్టా కప్పుకుని నిలబడ్డ కార్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కొద్ది డబ్బుతో వాటిని మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వారికి మేము పడ్డ పాట్లు పనికొస్తాయి.

ఆ కారు ఒక డాక్టరుగారిది. 1986 మోడల్, మార్క్ ఫోర్, పెట్రోలు బండి. ఆయన 2016లో కాలం చేశారు. అప్పటినుంచి ఎనిమిదేళ్లు షెడ్డులోనే ఉంది. విదేశంలో ఉంటున్న కుమారుడు ఇల్లు అమ్మడానికి వచ్చినప్పుడు మాకు కబురు పెట్టారు. "అబ్బాజాన్ అర్ధరాత్రుళ్లు రోగుల ఇళ్లకు దీనిమీదే వెళ్లేవారు. తుక్కువాడికి ఇవ్వడానికి మనసు రావడం లేదు. నడుపుతామంటే తీసుకోండి, అమ్మేటట్టయితే వద్దు" అన్నారు.

మనకు బండి అవసరం ఉంది. మన సొసైటీ సాయం పొందేవారిలో డయాలసిస్‌కు వెళ్లేవారే తొమ్మిది మంది. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి పోవాలి. పోయేటప్పుడు ఎలాగో ఆటోలో పోతారు, వచ్చేటప్పుడు కూర్చోవడానికి ఓపిక ఉండదు. అంబాసిడర్ వెనక సీటు వెడల్పు ఎంతో మీకు తెలిసిందే. సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగబడిపోకుండా కూర్చోగలరు, తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, మోకాళ్లు ముడుచుకుని ఒక మనిషి పడుకోగలడు.

అయినా కార్యవర్గంలో గట్టి వాదనే జరిగింది. మన ఖజాంచీ చాచా ఒప్పుకోలేదు. "ఈ డబ్బుతో వాడిన చిన్న కారు ఒకటి వస్తుంది. అది లీటరుకు పదిహేను కిలోమీటర్లు పోతుంది. మీరు పాత సరదా తీర్చుకోవడానికి పరాయి డబ్బు వాడుతున్నారు" అన్నారు. ఆయన మాట తేలిగ్గా తీసేయవలసింది కాదు. ఇప్పటికీ మేము ఆ రోజు గెలిచామని అనుకోవడం లేదు, సగం సగం ఒప్పందానికి వచ్చామంతే. జకాత్ నుంచి ఒక్క రూపాయి ముట్టుకోకూడదు, సాధారణ విరాళాల నుంచి మాత్రమే తీయాలి. లక్షా యాభై వేలు దాటకూడదు. కాగితాలు సరిగ్గా లేకపోతే ముందే విరమించుకోవాలి. ఈ మూడు షరతులూ చాచా పెట్టినవే, మినిట్స్ పుస్తకంలో రాయించినవే.

మూడవ షరతు అన్నిటికన్నా తెలివైనదని తర్వాత తెలిసింది. పాత కారు కొనేవారూ, దానంగా తీసుకునేవారూ ముందు బానెట్ ఎత్తి చూస్తారు. చూడవలసింది ఆర్.సి. పుస్తకం. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి కొత్తగా చేయించుకోవాలి. మన కారుకు 2021లో గడువు తీరిపోయింది. పైగా పేరు ఇంకా డాక్టరుగారిదే. యజమాని కాలం చేస్తే వారసులు ముందు ఫారం 31 పెట్టి తమ పేరుకు మార్పించుకోవాలి, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో ఇంకొకరికి ఇవ్వగలరు. కుమారుడు ఊళ్లో ఉన్న మూడు వారాల్లోనే సంతకాలన్నీ తీసుకున్నాము కాబట్టి సరిపోయింది, ఆయన విమానం ఎక్కాక గుర్తొచ్చి ఉంటే ఆ కారు ఎప్పటికీ మనది అయ్యేది కాదు. రెన్యూవలుకు ఫారం 25. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కారుకు ఈ రుసుము ఆరువందల నుంచి ఐదు వేలు అయింది, ఆలస్యమైతే నెలల లెక్కన అదనం. మా పని అయిపోయాక, 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని పదివేలు చేశారు. ఇప్పుడు మొదలుపెట్టేవారు ఆ లెక్క వేసుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక భయం తీర్చాలి. పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కు చేయాల్సిందేనని అంటుంటారు. ఆ నియమం ప్రభుత్వ శాఖల వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఢిల్లీలో కోర్టు ఆదేశాల కథ వేరు. మన దగ్గర సొంత కారు తనిఖీలో నెగ్గితే రెన్యూవల్ ఇస్తారు. యాభై ఏళ్లు దాటిన బండికయితే 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే పద్ధతి ఉంది. నంబరు ప్లేటులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి, కానీ ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మన కారుకు ఇంకా యాభై ఏళ్లు నిండలేదు. దాన్ని రోజూ తిప్పాలి. రంగు విషయంలో మా జవాబంతా ఈ తేడాలోనే ఉంది.

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారు పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేయించిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆయన 1911లోనే కన్నుమూశారు, దానిలో కూర్చునే భాగ్యం కలగలేదు. ముషీరాబాదులో బస్ భవన్ దగ్గర దక్కన్ క్వీన్ అనే పాత అల్బియన్ బస్సు ఉంది. నిజాం రైల్వే వారు 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నాటిది, స్కాట్లండు నుంచి వచ్చినది. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీద వచ్చిందని పెద్దలు చెబుతారు. మా బడి పిల్లలను ఆ బస్సు చూపించడానికి తీసుకెళ్లినప్పుడల్లా ఈ ముక్క చెబితే చెవులు రిక్కించి వింటారు. ఆ కారూ ఆ బస్సూ అలా మెరుస్తూ ఉండడం సబబే. వాటిని జనం చూడాలి, చూడడానికే బాగుచేశారు. మన అంబాసిడర్ వానలో ముషీరాబాదు చౌరస్తాలో, ముందు ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు, ఆగాలి. ఈ రెండు పనులకూ డబ్బు వేర్వేరు చోట్ల ఖర్చు పెట్టాలి. ఇంత చిన్న విషయం మాకు మొదట తోచలేదు.

అవును, మొదట మేము పెయింటు షాపుకే వెళ్లాము.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయాలి. కారు చూడగానే ఎవరికైనా కళ్లకు తగిలేది మాసిన రంగు, సొట్టలు. మాకూ అంతే. పేరు ఎందుకులెండి, తెలిసినవారు చెప్పిన ఒక షాపులో డెంటింగ్, పెయింటింగ్‌కు మాట్లాడుకుని ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చాము. రెండు వారాల్లో తలుపులకూ బానెట్‌కూ పుట్టీ పట్టి, నున్నగా రుద్ది, ఒక పూత తెలుపు వేశారు. చూడముచ్చటగా ఉంది. అప్పుడు ఇంజను పని మాట్లాడదామని ముషీరాబాదు నుంచి ఒక ఉస్తాద్‌ను పిలిచాము. అరవై దాటిన మనిషి, పన్నెండో ఏట నుంచి అంబాసిడర్ల కిందే పెరిగారు. ఆయన ఇంజను వైపు చూడనే లేదు. లోపలి మ్యాట్టు ఎత్తి, స్క్రూడ్రైవరుతో డ్రైవరు కాళ్ల దగ్గర రేకును పొడిచారు. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. కిందనుంచి నేల కనిపించింది.

"మాస్టర్ సాబ్, మీరు శవానికి సుర్మా పెట్టారు" అన్నారు.

పని ఆపించాము. షాపువారు ఆరు వేలు తిరిగి ఇచ్చారు, పద్నాలుగు వేలు పోయింది. దాన్ని మరమ్మతుల ఖాతాలో రాయమని మాలో ఒకరు అన్నారు. చాచా కలం కింద పెట్టేశారు. "ఇది మరమ్మతు కాదు, తొందర. అమానత్ సొమ్ములో తొందరకు ఖాతా లేదు" అన్నారు. ఆ పద్నాలుగు వేలు కార్యవర్గంలో ఏడుగురం తలా రెండు వేలు వేసుకుని కట్టాము. కాబట్టి కింద చెప్పే లెక్కలో అది కనిపించదు.

ఆ స్క్రూడ్రైవరు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. లారీకీ జీపుకూ కింద చాసిస్ అనే బలమైన చట్రం ఉంటుంది, బాడీని దానిమీద కూర్చోబెడతారు. బాడీ తుప్పు పట్టినా చట్రం మోస్తుంది. అంబాసిడర్‌కు అలా వేరే చట్రం లేదు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో రకం కారే మన దగ్గర అంబాసిడర్ అయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా దాన్ని తయారుచేశారు. ఆ కారులో నేల రేకు, తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్ పెట్టెలు, పైకప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. సిల్ కుళ్లితే, గుంతలో పడినప్పుడు తలుపులు బిగుసుకుపోతాయి, వెనక కమాన్ పట్టీలు పట్టుకునే చోటు ఊడిపోవచ్చు. రంగు కింద ఇవేవీ కనిపించవు. పుట్టీ ఉన్నచోట అయస్కాంతం పట్టదు. ఎవరైనా పాత కారు కొనబోతే జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకుని పోవాలి. ఐదు రూపాయల వస్తువది, మాకు ఉంటే పద్నాలుగు వేలు మిగిలేవి.

టింకరింగ్‌కు ముప్పై నాలుగు వేలయింది. లెక్కలో పెద్ద పద్దు అదే. కుళ్లిన రేకు మీద కొత్త రేకు అతికితే సగం ఖర్చులో అయిపోతుంది, కానీ రెండు రేకుల మధ్య నీరు నిలిచి రెండు వానాకాలాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. కుళ్లినంత మేర కోసేసి, మంచి రేకు దొరికేదాకా వెళ్లి, అక్కడినుంచి కొత్త రేకు వెల్డింగ్ చేయించాము. కోసే ముందు తలుపులు తీసేయకుండా లోపల అడ్డంగా ఇనుప పైపులు బిగించారు, లేకపోతే బాడీ వంగిపోయి తలుపులు మళ్లీ మూసుకోవట. ఆ తర్వాత లోపలా కిందా ప్రైమర్, నల్లటి తారు పూత. మీరు చూసిన బూడిదరంగు అంచులు అవే.

ఉస్తాద్ తన వరుస గోడమీద సుద్దతో రాశారు. "పైలే గాడీ రుక్నా, బాద్ మే చల్నా." ముందు ఆగాలి, తర్వాత నడవాలి. కాబట్టి టింకరింగ్ అయిన వెంటనే బ్రేకులు. మన కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అన్నిటికీ కలిపి ఒకటే మాస్టర్ సిలిండరు, ఒకటే ఆయిల్ వరుస. అంటే ఏ ఒక్క చక్రం దగ్గర సీలు పోయినా నాలుగు బ్రేకులూ పోతాయి. వెనక కుడి డ్రమ్ము విప్పితే వీల్ సిలిండరు రబ్బరు ఉబ్బిపోయి, చుట్టూ తడిగా ఉంది. తమాషా ఏమిటంటే, పెడలు తొక్కితే అప్పటికీ గట్టిగానే తగులుతోంది. తెల్లగా మెరిసే రంగుతో ఆ కారును ఆసుపత్రికి పంపి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు హోస్‌లు, తుప్పు పట్టిన ఇనుప పైపులు, లైనర్లు అన్నీ కొత్తవే. బ్రేకుల్లో సెకండ్‌హ్యాండ్ సామాను వద్దని మేమే పట్టుబట్టాము. పద్నాలుగు వేల ఐదువందలు.

మిగతా సామాను సంగతి వేరు. తయారీ ఆగిపోయి పదేళ్లు దాటినా అంబాసిడర్ విడిభాగాలు దొరకడం ఆశ్చర్యమే. మనకు రాణిగంజ్ ఉంది. అక్కడ దొరకనిది కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పిస్తారు. రాణిగంజ్‌లో కొనడానికి ఒక పద్ధతి ఉంది. పేరు చెప్పి అడగకూడదు, పాత ముక్కను గుడ్డలో చుట్టి పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చాలి. ఒకే కారుకు మోడల్ మోడల్‌కూ చిన్న తేడాలుంటాయి. ముప్పై ఏళ్లలో ముందరి మెకానిక్కులు ఏమేం మార్చారో దేవుడికే తెలియాలి. ఇంకొక లెక్క ఉస్తాద్ నేర్పారు. రబ్బరు ఎప్పుడూ కొత్తది కొనాలి, పోత ఇనుము ఎప్పుడూ పాతది కొనొచ్చు. డిక్కీ తాళం, వైపర్ మోటారు, హెడ్‌లైటు రింగులు తుక్కు దుకాణాల్లో చవగ్గా దొరికాయి. ఉదయం బడికి పోయి, మధ్యాహ్నం నాలుగున్నరకు రాణిగంజ్ చేరి, చేతులకు గ్రీజుతో ఇల్లు చేరే మమ్మల్ని చూసి మా ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో ఇక్కడ రాయము.

ఇంజను గురించి అందరూ భయపెట్టారు. బోరింగ్, కొత్త పిస్టన్లు, క్రాంకు గ్రైండింగ్ అంటూ ఒకరు అరవై వేలు చెప్పారు. ఉస్తాద్ కంప్రెషన్ గేజీ పెట్టారు. ఇది ప్రతివారూ తెలుసుకోవలసిన పరీక్ష. స్పార్కు ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో గేజీ బిగించి ఇంజనును తిప్పితే, ఆ సిలిండరు గాలిని ఎంత నొక్కగలుగుతుందో ముల్లు చూపిస్తుంది. నాలుగు సిలిండర్లకూ దగ్గర దగ్గరగా రావాలి. మనదానిలో మూడు బాగానే ఉన్నాయి, మూడో నంబరుది బాగా తక్కువ. అప్పుడు ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ చూశారు. ముల్లు పైకి లేస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు, ఎందుకంటే నూనె ఆ సందును తాత్కాలికంగా మూస్తుంది. లేవకపోతే లోపం పైన వాల్వుల దగ్గర. మనకు లేవలేదు. అంటే కింది భాగం విప్పనవసరం లేదు, హెడ్డు ఒక్కటి దించితే చాలు. ఒక చెంచా నూనె మనకు నలభై అయిదు వేలు మిగిల్చింది.

హెడ్డు దించితే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటు అరిగి గుంత పడి ఉంది. దీనికి కారణం కొంత చరిత్రలో ఉంది. ఈ 1489 సీసీ ఇంజను రూపొందిన కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు, అది వాల్వు సీట్ల మీద మెత్తటి పూతలా ఉండి అరుగుదలను ఆపేది. ఆరోగ్యానికి హాని అని 2000 నాటికి దేశమంతటా సీసం తీసేశారు. మంచి పనే చేశారు, కానీ పాత పోత ఇనుప హెడ్లకు ఆ పూత పోయింది. లేతు మీద సీట్లు తొలిచి గట్టి ఉక్కు రింగులు దించితే సరిపోతుంది. వాల్వులు, ప్యాకింగులు, మజూరీతో కలిపి పదిహేను వేలు.

ఇప్పుడు పెట్రోలులో మళ్లీ ఇంకో మార్పు వచ్చింది. ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రకం రబ్బరు దానిలో ఉబ్బి మెత్తబడుతుంది, ట్యాంకులో నీరు చేరితే తుప్పు పెరుగుతుంది. ఇంజను వేడిమీద పెట్రోలు పైపు పగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ట్యాంకు దించి, ఎనిమిదేళ్ల నాటి జిగురంతా కడిగి, పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించి, పంపు డయాఫ్రం, కార్బ్యురేటరు కిట్టు మార్పించాము. ఆరు వేల ఐదువందలు. పాత కారు ఇంట్లో ఉన్న ప్రతివారూ ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి, కారు నడుస్తున్నా సరే.

రేడియేటరు, నీళ్ల పంపు, హోస్‌లకు ఏడు వేల ఐదువందలయింది. ఆ కాలపు రేడియేటర్లు ఇత్తడి, రాగివి. విప్పి, గొట్టాలు శుభ్రం చేసి, కారేచోట టంకం పెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇప్పటి వాటిలా పారేయనవసరం లేదు. వైరింగ్ పదివేలు. ఇక్కడ మా అభిప్రాయం ఉస్తాద్ అభిప్రాయంతో కలవలేదు. ఆయన పాత తీగలకే టేపు చుట్టి సరిపెడదామన్నారు, మేము మొత్తం కొత్తది వేయించాము, ఫ్యూజులు పెంచాము, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టించాము. పాత కార్లు రోడ్డుమీద తగలబడ్డాయని వింటే చాలాసార్లు మూలం ఒక టేపు చుట్టిన జాయింటే. లేచి పరిగెత్తలేని మనిషి వెనక సీటులో ఉండే బండి ఇది.

టైర్లు చూడడానికి బాగానే ఉన్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. కానీ టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 1415 అని ఉంటే 2015లో పద్నాలుగో వారం తయారైందని అర్థం. మనవి అంతకన్నా పాతవి, రబ్బరు పగుళ్లిచ్చింది. బ్యాటరీతో కలిపి ఇరవై మూడు వేల ఐదువందలు. సీట్లు కుట్టించడం, బెల్టులు బిగించడం నాలుగు వేలు. రెన్యూవల్, ఆలస్యపు రుసుము, పన్ను, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కలిపి ఇరవై ఏడు వేలు. ప్రైమర్, బండిని లాక్కొచ్చిన కిరాయి, చిల్లర ఖర్చులు ఏడు వేల నాలుగువందలు. అన్నీ కూడితే 1,49,400 రూపాయలు. ఆరువందలు మిగిలాయి. తెల్ల రంగు పూర్తిగా వేయించాలంటే ఇంకో యాభై వేలు కావాలి, ఆ డబ్బుతో ఏం చేయొచ్చో మీకు తెలుసు, మాకు తెలుసు. కాబట్టి అది రెండు రకాల తెలుపులో ఉంది.

2024 ఫిబ్రవరిలో తెచ్చిన కారు నవంబరులో తనిఖీకి వెళ్లింది. మొదటిసారే నెగ్గింది. అంతకు ముందు ఖాళీ మైదానంలో బ్రేకు పరీక్ష చేసినప్పుడు ఎడమవైపుకు లాగింది. మళ్లీ విప్పితే కుడి వెనక ఇరుసు సీలు నుంచి నూనె కారి కొత్త లైనరు తడిసిపోయింది. ఇంకో నాలుగు రోజులు.

కొన్ని సంగతులు దాచకుండా చెప్పాలి. పెట్రోలు లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లకు మించి ఇవ్వడం లేదు. ఆ విషయంలో చాచా చెప్పిందే నిజమైంది. అందుకే ఊరు దాటి పంపడం లేదు, పెళ్లిళ్లకు అడగవద్దని మనవి. సొంత వాహనంగా రిజిస్టరు అయిన బండి కనుక ఎవరి దగ్గరా కిరాయి తీసుకోము, పెట్రోలుకని చేతిలో పెట్టినా డ్రైవరు పుచ్చుకోడు. ఇంకొకటి. పాత కారు ఇనుము గట్టిది కాబట్టి కొత్తవాటికంటే భద్రమని కొందరు దాతలు అన్నారు. అది పొరపాటు. కొత్త కార్ల ముందుభాగం ఢీకొన్నప్పుడు నలిగిపోయి దెబ్బను తాను తీసుకునేలా కడతారు. పాత కారు నలగదు, ఆ దెబ్బ లోపలి మనిషికి చేరుతుంది. ఎయిర్‌బ్యాగులు లేవు. మన డ్రైవరుకు నలభై దాటవద్దని చెప్పాము. వెనక కూర్చున్నవారికి బెల్టు పెట్టకుండా బండి కదలదు. అమ్మీలు కొందరు బెల్టు చూసి విసుక్కుంటున్నారు, అలవాటవుతుంది.

కారులో ఒక నోటుపుస్తకం ఉంది. ప్రతి ప్రయాణం, పోసిన పెట్రోలు, విన్న ప్రతి కొత్త చప్పుడూ అందులో రాస్తున్నారు. ఆఫీసుకు వచ్చినప్పుడు ఎవరైనా చూడవచ్చు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి, మళ్లీ 2026 అక్టోబరులో. ఆ పద్దు వచ్చే బడ్జెట్టులో చేర్చమని చాచానే అడిగారు.

చివరిగా ఒక మనవి. ఎడమ వెనక తలుపుకు అద్దం దించే హ్యాండిల్ లేదు. రాణిగంజ్‌లో దొరికింది పళ్లు కలవలేదు. ప్రస్తుతం డ్రైవరు పానాతో తిప్పుతున్నాడు. మార్క్ ఫోర్ అంబాసిడర్‌ది ఎవరి ఇంటి అటకమీదైనా, పాత డబ్బాలో అయినా ఉంటే దయచేసి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.